నడవక తప్పని ఊరు



పోయిన ఆదివారం మీటింగులో రామాలయం పక్క గది విషయం తేలలేదు. సంఘం దగ్గర ఉన్న డబ్బుతో ఆ గదిలో జిమ్ సామాను పెట్టాలని మన కుర్రాళ్లు అన్నారు. కాలువ గట్టు మీద నడిచే దారి బాగుచేయించాలని ఆడవాళ్లు అడిగారు. మాటా మాటా పెరిగింది. చివరికి, "మీరు రైల్వేలో లెక్కలు చూసినవారు కదా, ఏది మేలో రాసి పెట్టండి" అని నా మీద వేశారు. లెక్క రాద్దామని కూర్చున్నాను. లెక్క కాస్తా చరిత్రలోకి పోయింది. పొడుగైంది, ఓపిక పట్టి చదవండి. రెండు విడతలుగా చదివినా సరే.

నా తెలుగు సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక గుంతకల్లులో స్టేషన్ బోర్డులూ వారపత్రికలూ చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా నాన్నగారు తిరుచ్చి పక్క పొన్మలై వర్క్‌షాపులో ఫిట్టరు. పొన్మలైని ఇంగ్లీషు వాళ్లు గోల్డెన్ రాక్ అన్నారు. దక్షిణ భారత రైల్వే కంపెనీ నాగపట్నంలో ఉన్న పెద్ద వర్క్‌షాపును 1928లో అక్కడికి మార్చింది. వర్క్‌షాపుతో పాటు పనివాళ్లకు కాలనీ కూడా కట్టింది. తిన్నటి వీధులు, వీధికి రెండు పక్కలా చెట్లు, క్వార్టర్లకి క్వార్టర్లకి మధ్య ఖాళీ జాగా, ఆసుపత్రి, బడి, ఆటస్థలం, సంత. నేను పెరిగింది ఆ వీధుల్లోనే. పొద్దున సైరన్ మోగితే వీధి నిండా మనుషులు, కొందరు నడిచి, కొందరు సైకిలు మీద. సాయంత్రం మళ్లీ అదే వరస. అమ్మ సంతకి నడిచేది, మేం బడికి నడిచేవాళ్లం, ఆదివారం ఫుట్‌బాల్ చూడటానికి ఇంటిల్లిపాదీ నడిచేవాళ్లం. "వాకింగ్" అనే మాట మాత్రం ఆ రోజుల్లో నేను వినలేదు.

కంపెనీ వాళ్లు మన మీద ప్రేమతో అలా కట్టలేదు. పనివాడు దగ్గరలో ఉండాలి, వేళకి రావాలి, జబ్బు పడకూడదు, అదీ వాళ్ల లెక్క. దొరల బంగళాలు దొరలకే, చిన్న పనివాళ్లకు ఒక గది, ఒక వసారా. అయినా ఆ కాలనీ గీత గీసినవాడి పుణ్యమా అని మూడు తరాల మనుషులు ఏ వ్యాయామమూ చెయ్యకుండానే రోజుకు ఎంతో దూరం నడిచారు.

తర్వాత నేను గుమాస్తానై గుంతకల్లులో, ఆపైన రాయచూరులో పనిచేశాను. రాయచూరు రైల్వే చరిత్రలో చిన్న ఊరేం కాదు. బొంబాయి వైపు నుంచి వచ్చిన జీ.ఐ.పి. లైను, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే లైను 1871లో కలిసింది అక్కడే. నా పని పి.డబ్ల్యు.ఐ. ఆఫీసులో, గ్యాంగ్‌మన్ల మస్టరు, సెలవులు, టి.ఏ. బిల్లులు. గ్యాంగులో కీమన్ అని ఒకడు ఉంటాడు. స్పానరు, సుత్తి, జెండాలు పట్టుకుని రోజూ తన బీటు అంతా నడిచి, పట్టాలు చూసుకుంటూ, వదులైనవి బిగించుకుంటూ వస్తాడు. అతని జీతం లెక్క కట్టే నేను కుర్చీలోంచి టీ కొట్టు దాకా, టీ కొట్టు నుంచి కుర్చీ దాకా. 48 ఏళ్లకు నాకు షుగరు వచ్చింది. 55 ఏళ్లకు గుండెకి స్టెంటు పడింది. నాతో పాటు రిటైరైన ఒక కీమన్ ఇప్పటికీ సైకిలు మీద సంతకి వెళ్లి వస్తాడు.

ఇద్దరు మనుషుల్ని చూసి ఇదే సూత్రం అనకూడదని నాకూ తెలుసు. గ్యాంగ్‌మన్ పని సుఖమైనది కాదు. ఎండలో మాడి, బండి కింద పడి పోయినవాళ్ల కాగితాలూ నా చేతి మీదుగా వెళ్లాయి. కష్టం చేస్తే ఆరోగ్యం అని నేను అనడం లేదు. కదలడం, కూర్చోవడం మధ్య తేడా ఎంత అన్నదే నా ప్రశ్న. ఆ ప్రశ్న లండన్‌లో ఒక డాక్టరు నాకంటే చాలా ముందే వేసుకున్నాడు. ఆయన పేరు జెరీ మారిస్.

లండన్‌లో రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజూ కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే బతుకు. మారిస్ బృందం దాదాపు 31,000 మంది రవాణా ఉద్యోగుల రికార్డులు చూసింది. గుండెపోటు కండక్టర్లకు తక్కువ, డ్రైవర్లకు ఎక్కువ. వచ్చినా కండక్టర్లలో ప్రాణం పోవడం తక్కువ. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకూ, కుర్చీలో కూర్చునే తపాలా గుమాస్తాలకూ మధ్య కూడా అదే తేడా కనబడింది. ఇది అచ్చయింది 1953లో. గుమాస్తా అన్న మాట చూడగానే నా గుండె ఝల్లుమంది.

మారిస్ అక్కడితో ఆగలేదు. మూడేళ్ల తర్వాత ఆయన బృందమే యూనిఫాం కుట్టే కొలతల పుస్తకాలు తిరగేసింది. డ్రైవర్ల నడుము కొలత ఉద్యోగంలో చేరినప్పుడే కండక్టర్ల కంటే ఎక్కువ అని తేలింది. అంటే తేడా అంతా ఉద్యోగం వల్లనే అనడానికి లేదు. తన మాటకి అడ్డం వచ్చే లెక్కను తనే వెతికి బయటపెట్టిన మనిషి ఆయన. ఆ తర్వాత ఎంతోమంది రకరకాలుగా చూశారు, కదలిక మేలు చేస్తుందన్న మాట మాత్రం నిలిచింది. మారిస్ 2009లో పోయారు, 99 ఏళ్ల వయసులో.

1953 అన్న ఆ సంవత్సరం మనకీ ముఖ్యమైనదే. తుంగభద్ర నీళ్లు కాలువలోకి వదిలింది ఆ ఏడాదే. ఆనకట్టకు పునాది రాయి 1945 ఫిబ్రవరి 28న పడింది. అప్పుడు ఈ ఎడమ గట్టు వైపు నైజాం రాజ్యం, ఆ కుడి గట్టు వైపు మద్రాసు ప్రభుత్వం. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. 227 కిలోమీటర్ల ఎడమ గట్టు కాలువ గంగావతి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు సాగింది. నీళ్లు వచ్చాయి గానీ, నల్లరేగడిలో తడి సేద్యం తెలిసిన చేతులు ఇక్కడ తక్కువ. అలా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మన పెద్దలు రావడం మొదలైంది.

మా మామగారిది తణుకు వైపు పల్లె. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చేవని చెప్పేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది కాబట్టి ఆయన తాతల నాటికే కాలువ అంటే భయం లేదు. కాలువ గట్టు అంటే వాళ్లకి దారి. పొలానికి, బడికి, చుట్టాల ఊరికి గట్టు మీదే వెళ్లేవారు. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చారు. ముందు గుడిసెలు వేసుకున్నారు, అందుకే క్యాంపు అన్న పేరు అలాగే ఉండిపోయింది అంటారు. సింధనూరు దగ్గర గాంధీనగర్ నుంచి మన పోతనాళ దాకా ఇలాంటి క్యాంపులు ఎన్నో పుట్టాయి.

మన క్యాంపు ఎలా గీశారో మా మామగారు చెప్పగా విన్నాను. తాడు పట్టి వీధులు తిన్నగా లాగారట. రెండు ఎడ్లబండ్లు ఎదురైనా తప్పుకునేంత వెడల్పు. నడిమధ్య రామాలయం, చివర బడి, ఒక పక్క కాలువ. ప్రతి ఇంటికీ పశువుల కొట్టం, ఒక వేపచెట్టు పట్టే జాగా. ఇల్లు, పొలం, కాలువ, గుడి, బడి, ఈ ఐదూ కాళ్లకి అందే దూరం. సంతకి పాత పోతనాళ ఊళ్లోకి నడిచి వెళ్లి, కన్నడం నేర్చుకుని, జొన్నరొట్టె తినడం నేర్చుకుని వచ్చేవారు. పొన్మలైలో కంపెనీ ఇంజనీర్లు చేసిన పనినే ఇక్కడ చదువు లేని రైతులు తాడుతో చేశారు. ఇద్దరూ వ్యాయామం కోసం ఏమీ కట్టలేదు. నడవక తప్పని ఊరు కట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పు. ఆ రోజులు బంగారు రోజులు కావు. ఆడవాళ్లు కాలువ నుంచి బిందెలు మోసి మోసి నడుములు పోగొట్టుకున్నారు. చీకటి పడే దాకా ఆగి బయటికి వెళ్లాల్సి వచ్చేది, పాము భయం వేరే. మా అత్తగారు, "ఆ నడక నాకొద్దు నాయనా" అనేది. కుళాయి వచ్చిన రోజు ఆమెకి పండగ. ఆ బరువు మళ్లీ ఎవరి నెత్తినా పెట్టమని నేను అనను. బరువు పోయి కదలిక మిగిలితే బాగుండేది. మన దగ్గర రెండూ కలిసే పోయాయి.

ఎలా పోయాయో ఒక్కొక్కటే గుర్తు చేసుకోండి. కుళాయి వచ్చింది, మంచిదే. ట్రాక్టరు వచ్చింది, కోత మిషను వచ్చింది, అదీ మంచిదే. ఇంటికో మోటారుసైకిలు వచ్చింది. పిల్లల్ని బడి బస్సు వాకిట్లోకే వచ్చి ఎక్కించుకుంటోంది. కిరాణా కొట్లు, మందుల షాపు, పాల కేంద్రం ఒక్కొక్కటీ వీధిలోంచి మెయిన్ రోడ్డు మీదికి వెళ్లిపోయాయి. రెండు బండ్ల వెడల్పు వీధిలోకి అరుగులూ మెట్లూ వచ్చాయి, మిగిలిన జాగాలో కార్లు. కాలువ గట్టు మీద తుమ్మ ముళ్లు. ఎవరూ చెడ్డపని చెయ్యలేదు. ప్రతివాడూ తన ఇంటికి సౌకర్యం చూసుకున్నాడు. అన్నీ కలిపితే ఊరు మారిపోయింది.

తిండి కూడా మారింది. ఈ కాలువ గీసినప్పుడు అనుకున్నది చాలా వరకు జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలు, కొద్దిగా వరి. మనం వచ్చి అంతా వరి చేశాం. కాలువ చివరివాళ్ల నీళ్ల గొడవ వేరే పెద్ద కథ, ఇప్పుడు వద్దు. పొలంలో వరి, కంచంలో మూడు పూటలా తెల్లన్నం. పొలం పని చేసిన కడుపుకి అది సరిపోయింది. కుర్చీలో కూర్చున్న కడుపుకీ అదే కొలత పెడుతున్నాం.

ఈ జబ్బులు పట్నం వాళ్లవి అని మనలో చాలామందికి నమ్మకం. మన పుట్టిళ్ల లెక్క చూడండి. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, దాదాపు 1,80,000 జనాభాలో, ఎవరు దేనితో పోతున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులతో. పల్లెల్లో అంటువ్యాధులే ఎక్కువ చంపుతాయన్న పాత నమ్మకం అక్కడ తప్పని తేలింది. పచ్చటి పొలాల మధ్య ఉన్న పల్లెలు అవి, మన బంధువుల ఊళ్లు. ఇక దేశం మొత్తానికి చూస్తే, ఐ.సి.ఎం.ఆర్. వారి 2023 లెక్క ప్రకారం షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు.

మా రైల్వేలోనే ఇంకో లెక్క ఉంది. పశ్చిమ రైల్వేలో పెద్ద వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ మల్హోత్రా రైల్వే ఉద్యోగుల మరణాల రికార్డులు పరిశీలించి 1967లో అచ్చువేశారు. గుండెజబ్బు మరణాలు ఉత్తరాది వాళ్లలో కంటే దక్షిణాది వాళ్లలో దాదాపు 7 రెట్లు. ఆయన కారణాన్ని ఎక్కువగా తిండి పద్ధతుల్లో వెతికారు. కారణం ఏదైనా, మనం అందరికంటే ముందు జాగ్రత్త పడాల్సిన వాళ్లమని యాభై ఏళ్లకి పైగా కాగితం మీద ఉంది.

ఇప్పుడు నా ఇంటి సంగతి. రెండేళ్ల కిందట మా ఆవిడకి డాక్టరు రోజూ నడవమన్నాడు. ఎక్కడ నడుస్తుంది? గట్టు మీద ముళ్లు, వీధిలో కుక్కలు. మిగతా ఆడవాళ్లతో కలిసి తెల్లారకముందే మెయిన్ రోడ్డు మీద నడిచేది. ఒకరోజు చీకట్లో వెనకనుంచి బైకు తగిలింది. ఆగకుండా పోయాడు, ఎవరో తెలియలేదు. మణికట్టు విరిగింది. చెయ్యి అతికింది గానీ ఆమె మళ్లీ రోడ్డెక్కలేదు. ఇంట్లో హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తుంది. నాలుగు రోజులు నడిచి మానేస్తుంది. ఆమె షుగరు లెక్క నేనే రాస్తున్నాను, ఎక్కుతోందే గానీ దిగడం లేదు. పోయిన మీటింగులో ఆడవాళ్లు గట్టు దారి అడిగింది సరదాకి కాదు. వాళ్లలో ఆ రోజు మా ఆవిడ పక్కన నడిచినవాళ్లు ముగ్గురు ఉన్నారు.

సరే, ఏం చెయ్యాలి? మళ్లీ ఒక పాత కథ చెబుతాను. తమిళంలో గట్టి పిండాన్ని "ఎమ్డన్" అంటారు. 1914లో మద్రాసు మీద గుండ్లు వేసిన జర్మన్ యుద్ధనౌక పేరు అది. ఆ ఎమ్డన్ ముంచిన ఓడల్లో ఒకదాంట్లో పాట్రిక్ గెడ్డెస్ అనే ఆయన సామాను ఉంది. ఆయన స్కాట్లండు నుంచి నగరాల నిర్మాణం గురించి ఎగ్జిబిషన్ పెట్టడానికి వస్తున్నాడు. బొమ్మలు, పటాలు అన్నీ సముద్రంలో కలిశాయి. స్నేహితులు మళ్లీ కొన్ని పోగుచేసి పంపారు, 1915లో మద్రాసులో ఎగ్జిబిషన్ జరిగింది. ఆ తర్వాత ఆయన మన ఊళ్లు కాలినడకన తిరిగి చూశాడు.

అప్పట్లో ఇంజనీర్లకు ఒకటే మందు తెలుసు, ఇళ్లు పడగొట్టి నిడుపాటి వెడల్పు రోడ్డు వెయ్యడం. తంజావూరులో గెడ్డెస్ వద్దన్నాడు. పాడుబడిన నాలుగు ఇళ్లు తీసెయ్యండి, ఆ ఖాళీల్లో చెట్లు నాటండి, ఉన్న సందుల్నే ఒకదానితో ఒకటి కలపండి, ఖర్చు ఎంతో తగ్గుతుంది, జనం ఊరు వదలక్కర్లేదు అన్నాడు. ఉన్నదాన్ని కాపాడుకుంటూ చేసే చిన్న శస్త్రచికిత్స అది. వందేళ్ల కిందటి ఆ మాట మన క్యాంపుకి సరిగ్గా సరిపోతుంది. మనకి కొత్త పార్కు అక్కర్లేదు, దానికి స్థలమూ లేదు. మన పెద్దలు గీసిన ఊరు ఇంకా అడుగున ఉంది. పైన పడ్డ ముళ్లు తియ్యాలి.

నేను పొద్దున్నే వెళ్లి కొలిచాను. రామాలయం నుంచి గట్టు మీదుగా బడి దాకా నా అంగలతో 1,640 అంగలు. నా నడకకి పావుగంట. పోను పావుగంట, రాను పావుగంట, అరగంట అయింది. వారంలో 5 రోజులు నడిస్తే 150 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క కూడా అదే. మా మామగారి తరం వాళ్లు ఆ లెక్క వినలేదు, అయినా బడిని సరిగ్గా అంత దూరంలో పెట్టారు.

నా లెక్క ఇదిగో. జిమ్ గదికి పేర్లు ఇచ్చింది 24 మంది, అందరూ ముప్ఫై లోపు మగపిల్లలు. గట్టు దారి మీద నడవగలిగేది బడి పిల్లలు, ఆడవాళ్లు, మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లు, షుగరు వాళ్లు, ఆ 24 మంది కూడా. జిమ్‌కి రోజూ గుర్తుపెట్టుకుని వెళ్లాలి. దారి ఉంటే బడికో గుడికో వెళ్తూనే పని అయిపోతుంది. గుర్తుపెట్టుకుని చేసే పని ఎంతకాలం నిలుస్తుందో మా ఇంటి హాలు గోడలకి తెలుసు.

కుర్రాళ్లది తప్పు కోరిక అనను. వాళ్లకీ కండ కావాలి, నలుగురు కలిసే చోటు కావాలి. గట్టు దారి చివర బడి ఆటస్థలం ఉంది కదా, అక్కడ ఇనుప కమ్మీలు నాలుగు పాతుదాం, వాలీబాల్ కోర్టు గీయిద్దాం. గదిలో కూర్చుని అద్దం చూసుకునే కంటే అక్కడ చిన్న పిల్లలు వాళ్లని చూసి నేర్చుకుంటారు.

దారి పనిలో జాగ్రత్తలు కూడా రాస్తాను. గట్టు మన సొత్తు కాదు, నీటిపారుదల శాఖది. పంచాయతీ ద్వారా అర్జీ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, నోటిమాట పనికిరాదు. గట్టు నెత్తిన చెట్లు నాటితే వేళ్లు గట్టుని చీలుస్తాయి, ఇంజనీర్లు ఒప్పుకోరు. బయటి వైపు కింద కానుగ, వేప నాటుదాం. నీళ్ల వైపు పిల్లలు పడకుండా కంచె ఉండాలి. నాలుగు దీపాలు, రెండు సిమెంటు బల్లలు. తెల్లవారుజామున ఆడవాళ్లు నడిచే వేళ ఆ దారిలో బైకులు రాకుండా రెండు చివర్లా రాళ్లు పాతాలి. ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది: ఈసారి పాల కేంద్రం మారితే మెయిన్ రోడ్డుకి కాకుండా రామాలయం దగ్గరికి మారేలా అడుగుదాం. పాల చెంబు పట్టుకుని నడిచేవాడు పొద్దున లేవగానే నడిచినట్టే.

2024లో సింధనూరు దాకా రైలు వచ్చింది. రాయచూరు వైపు లైను పని నడుస్తోంది. నాలాంటి రైల్వే మనిషికి అంతకంటే సంతోషం లేదు. రైలు వస్తే స్థలాల ధరలు పెరుగుతాయి, ఖాళీగా కనబడే ప్రతి జాగా మీదా కన్ను పడుతుంది. గట్టు దారి, బడి ఆటస్థలం ఇప్పుడు మనవని రాసి పెట్టుకోకపోతే అప్పుడు అడగడానికి మిగలవు. అందుకే తొందరపెడుతున్నాను.

వచ్చే ఆదివారం సాయంత్రం మీటింగు రామాలయం దగ్గర కాకుండా బడి దగ్గర పెడదామని అధ్యక్షుల వారికి మనవి. అందరం గట్టు మీదుగా నడిచే వెళ్దాం. ముళ్లు ఉన్నాయి, చెప్పులు వేసుకుని రండి. కుర్రాళ్లు కత్తులు తెస్తే దారిలోనే కొంత పని అవుతుంది. మా ఆవిడ కూడా వస్తానంది. ఆమె చెయ్యి నేను పట్టుకుంటాను.

ఇట్లు
మీ రిటైర్డ్ రైల్వే గుమాస్తా, పోతనాళ